మొదటి వైపు చివర

ఆదివారం ఉదయం ఆరున్నరకి విశ్వేశ్వరరావు తన పాత వాక్‌మన్ మూత తెరిచాడు. లోపల క్యాసెట్ లేదు.

మొదట ఆయన కంగారుపడలేదు. డెబ్భై ఏళ్ల మనిషి, ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటాననుకున్నాడు. సొరుగు లాగాడు. మందుల డబ్బా, పాత కళ్లజోళ్లు, కరెంటు బిల్లులు ఉన్నాయి. క్యాసెట్ లేదు. దిండు కింద లేదు. బీరువాలో పంచెల మడతల మధ్య కూడా లేదు. అప్పుడు బట్టలన్నీ నేలమీదికి లాగడం మొదలుపెట్టాడు.

"ఏం పోయిందండీ? పొద్దున్నే పోలీసుల్లా సోదా చేస్తున్నారు?" వంటింట్లోంచి అడిగింది రాజరాజేశ్వరి.

"ఏం లేదు."

"ఏం లేకపోతే నా చీరలెందుకు నేలమీదున్నాయి?"

ఆయన చీరలు ఎత్తి మళ్లీ బీరువాలో కుక్కాడు. ఆదివారం పొద్దుటి సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎనిమిది అంతస్తుల కింద కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండ్లు పోతుంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇరవై రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటాడు. క్యాసెట్ ఒక వైపు పూర్తయ్యే సమయానికి ఆయన వేలు రివైండ్ బటన్ మీదికి వెళుతుంది. కొంచెం వెనక్కి, మళ్లీ వినడం. కొంచెం వెనక్కి, మళ్లీ వినడం. సరిగ్గా మూడుసార్లు. తర్వాత లేచి వెళ్లి మొహం కడుక్కుంటాడు.

ఆ మూడుసార్లు ఎందుకో ఆమె ఎన్నడూ అడగలేదు. ఆ పాటలంటేనే ఆమెకు గిట్టదు. బాలానగర్‌లో కాపురం ఉన్నప్పుడు విన్నది. ఖాళీ గోదాములో ఎవడో ఒంటరిగా ఏడుస్తున్నట్టుంటుందని, వాటికి దయ్యప్పాటలని పేరుపెట్టింది.

ఆ ఆల్బమ్ పేరు 'వింటర్ షిఫ్ట్'. ఇంగ్లండ్‌లో మూతపడ్డ మిల్లుల ఊరొకటి. అక్కడి నలుగురు కుర్రాళ్లు ఎనభై ఒకటిలో చేసిన పాటలవి. అప్పట్లో ఆ బాణీని న్యూ వేవ్ అనేవారు. చల్లటి సింథసైజర్లు, మరమగ్గంలా కొట్టుకునే డ్రమ్ములు, వాటి మధ్య ఒంటరి గొంతు. ఆ ఒక్క ఆల్బమ్‌తో వాళ్లు విడిపోయారు. కానీ తర్వాత వచ్చిన ఎంతోమంది సంగీతకారులు తమను ఈ దారి పట్టించింది అదేనని చెప్పుకున్నారు. నలభై ఏళ్లు దాటినా కొత్త అభిమానులు పుడుతూనే ఉన్నారు.

"నాన్నా, వెతక్కు. నా దగ్గరుంది."

ఉమాశ్రీ గది గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో దాచుకోలేని సంతోషం. భర్త రోహిత్ ఆఫీసు పనిమీద పుణె వెళ్లాడు. ఈ వారమంతా ఆమె ఒక్కతే రహస్యంగా చేసిన పని ఇది. ఆమె ఉద్యోగం హైటెక్ సిటీలో, ఫోన్ మాటల్లోంచి చుట్టుపక్కల చప్పుళ్లు తీసేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో. కుక్క మొరిగినా, హారన్ మోగినా, పక్కింట్లో మిక్సీ తిరిగినా అవతలి వాళ్లకు వినిపించకుండా చేయడం వాళ్ల పని.

"కళ్లు మూసుకో," అని తండ్రి చెవులకు తన కొత్త హెడ్‌ఫోన్లు తగిలించింది. "నలభై ఏళ్ల దుమ్ము దులిపేశా. ఇప్పుడు విను."

విశ్వేశ్వరరావు విన్నాడు. ఆమె తండ్రి మొహాన్నే చూస్తూ కూర్చుంది. మొదటి పాటకు ఆయన భుజాలు తేలికపడ్డాయి. మూడో పాటకు వేళ్లు కుర్చీ చేతి మీద తాళం వేశాయి. ఐదో పాట, మొదటి వైపు ఆఖరిది, మెల్లగా తగ్గుతూ ఆగిపోయింది. ఆయన ఊపిరి బిగబట్టాడు.

అలాగే ఉండిపోయాడు. ఐదు సెకన్లు. పది.

కళ్లు తెరిచాడు. "చివర ఏదీ?"

"పాట అయిపోయింది కదా నాన్నా."

"పాట తర్వాత."

"పాట తర్వాత ఏముంటుంది? కాకి అరుపులు, వీధిలో సైకిల్ బెల్లు, ఎవరివో మాటలు. సాఫ్ట్‌వేర్ పట్టిచ్చినవన్నీ, విననైనా వినకుండా తీసేశా. ఎంత శుభ్రంగా ఉందో చూశావా?"

"తీసేశావా?" ఆయన గొంతు మారిపోయింది. "క్యాసెట్ ఇటివ్వు."

ఉమాశ్రీ సంతోషం కాస్త తగ్గింది. లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చింది. "నీకు చెప్దామనే అనుకున్నా. ఆఫీసులోది పాత టేప్ డెక్ కదా, కొంచెం నలిపేసింది."

కవరులోంచి గోధుమరంగు రిబ్బన్ సేమ్యాలా ముడతలు పడి, మూడు ముక్కలై ఆయన ఒళ్లో పడింది.

"ఎక్కడ నలిగింది?"

"మొదటి వైపు రికార్డు చేశాక తిప్పి పెట్టా. రెండో వైపు మొదలవుతూనే లాగేసింది. రెండో వైపు ఎలాగూ ఇంటర్నెట్లో ఉంది కదా అని..."

ముప్పై మూడేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషికి లెక్క చెప్పక్కర్లేదు. క్యాసెట్‌లో రెండో వైపు మొదలయ్యేది మొదటి వైపు ముగిసిన రిబ్బన్ మీదే. సరిగ్గా ఆ జానెడు ముక్కే పోయింది.

"శుభ్రం చేయకముందు తీసిన రికార్డింగు?"

"ఆఫీసు మెషిన్లో చేశా నాన్నా. అందులోవి ఏ రోజువి ఆ రోజు చెరిగిపోతాయి." ఆమె తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఏమైంది? అందులో ఏముంది?"

విశ్వేశ్వరరావు ఆ రిబ్బన్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నలభై ఏళ్లుగా ఇంట్లో ఎవరి ముందూ అనని మాట ఆయన నోటివెంట వచ్చేసింది.

"దాని గొంతు తీసేశావే, ఉమా."

"ఎవరి గొంతు?"

ఆ ప్రశ్న వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. రాజరాజేశ్వరి చేతిలో అట్లకాడ ఉంది. ఆమె వెనక పెనం మీద దోసె మాడుతోంది.

"ఎవరి గొంతండీ?"

"స్వాతి గొంతు," అన్నాడు విశ్వేశ్వరరావు.

స్వాతి వాళ్ల మొదటి కూతురు. విశాఖపట్నంలో ఐదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. రెండేళ్ల తర్వాత పుట్టిన ఉమాశ్రీకి తెలిసింది అంతే. ఆ పేరు ఇంట్లో వినిపించేది కాదు. ఒక్క ఫొటో కూడా లేదు.

ఆయన చెప్పాడు. ఎనభై ఆరు వేసవి. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి ఇంగ్లండ్ నుంచి ఇంజనీరు వచ్చాడు. వెళ్తూ వెళ్తూ తన క్యాసెట్ ఒక్క ఆదివారం అరువిచ్చాడు. కాపీ చేయడానికి రెండు టేప్‌రికార్డర్లు దొరికాయి కానీ కలిపే వైరు దొరకలేదు. ఒకటి పాడుతుంటే దాని మూతి ఎదురుగా రెండోది పెట్టి రికార్డు చేశాడు. ఫ్యాను ఆపాడు. కిటికీలు మూశాడు. రాజరాజేశ్వరి పక్కింటికి వెళ్లింది. మూడేళ్ల స్వాతిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నోరెత్తకూడదని చెప్పాడు.

"ఇరవై రెండు నిమిషాలు నోరెత్తలేదు రాజీ. చెమటలు కారుతున్నా కదల్లేదు. పాటైపోయాక ఒక్క మాట అడిగింది. నేనింకా బటన్ ఆపలేదు. ఆ మాట కూడా టేపులో పడిపోయింది."

రాజరాజేశ్వరి నెమ్మదిగా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. అది చూసి ఉమాశ్రీకి ఇంకా భయమేసింది.

"ఆదివారం ఆదివారం మీరు వినేది అదా?"

ఆయన తలూపాడు.

"ఇన్నేళ్లూ నేను వంటింట్లో పప్పు కడుగుతుంటే, ఇరవై అడుగుల దూరంలో మీరొక్కరే నా కూతురి మాట విన్నారా?"

"నువ్వే కదా రాజీ! దాని గౌన్లు, ఫొటోలు, పలక, చివరికి పగిలిన గాజులు కూడా మూటగట్టి భీమిలి దగ్గర సముద్రంలో వదిలావు. దాని జాడ ఇంట్లో కనబడితే బతకనన్నావు. నాచేత ఒట్టు వేయించుకున్నావు!"

"అన్నాను. ఇరవై ఏడేళ్ల దాన్ని, కడుపు కాలిపోయి అన్నాను. ఆ తర్వాత ఒక్కసారైనా అడిగారా, ఇంకా అదే మాట మీదున్నావా అని?"

"నువ్వెప్పుడైనా దాని పేరెత్తావా?"

"ఎలా ఎత్తను? మీరు మర్చిపోయి ప్రశాంతంగా ఉన్నారనుకున్నాను!" అట్లకాడ ఆమె చేతిలోంచి జారింది. "దాని మొహం గుర్తుంది నాకు. పిలక జడలు గుర్తున్నాయి. గొంతు మాత్రం పదేళ్లే నిలిచింది. ఒకరోజు పొద్దున్నే లేచి వెతుక్కుంటే లేదు. ఎంత పిలిచినా రాలేదు. మీకెలా చెప్పను? కన్నబిడ్డ గొంతు మర్చిపోయానని ఏ తల్లి చెప్పుకుంటుంది?"

ఆమె లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. విశ్వేశ్వరరావు రిబ్బన్ ముక్కల్ని చొక్కా జేబులో పెట్టుకుని బాల్కనీ వైపు తిరిగిపోయాడు.

ఉమాశ్రీ స్టవ్ ఆపింది. మాడిన దోసెను చెత్తబుట్టలో వేసింది. ఆమె చేసే పనే అది. అక్కర్లేనిదాన్ని గుర్తుపట్టి తీసేయడం. పదకొండేళ్లలో ఎప్పుడూ పొరబడలేదు. ఒక్కసారి పొరబడింది.

అప్పుడు ఆమెకో సంగతి గుర్తొచ్చింది.

అసలు ఈ బహుమతి ఆలోచన వచ్చిందే ఫోన్‌లోని ఒక గ్రూపు వల్ల. హైదరాబాద్‌లో 'వింటర్ షిఫ్ట్' అభిమానులు ఏటా ఒక ఆదివారం మియాపూర్‌లో కలుస్తారు. ఈసారి సమావేశం ఈ సాయంత్రమే. క్యాసెట్ చేతిలో పెట్టి తండ్రిని అక్కడికి తీసుకెళ్లాలనుకుంది. ఆ గ్రూపులో రెండు వారాల కిందట ఎవరో పెట్టిన సందేశం ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు వెతికి పట్టుకుంది.

"ఇంటర్నెట్లది ఇన్న. మస్తు సాఫ్‌గుంది. కని పాప లేదు. పాప లేని క్యాసెట్ నాకెందుకు?"

కింద నిర్వాహకుడి నంబరుంది. ఫోన్ చేసింది.

"ఎవలు?" పెద్దాయన గొంతు.

"నా పేరు ఉమాశ్రీ అండి. పాప అంటే ఏంటండీ?"

"కొత్తగ వచ్చినవా బిడ్డా? బాలానగర్ క్యాసెట్ల ఉంటది పాప. మొదటి దిక్కు అయిపోంగనె మాట్లాడ్తది. గది లేకుంటే ఇగ గదేం ఆల్బమ్?"

ఉమాశ్రీ గోడకు ఆనుకుంది. "మీ దగ్గర ఉందా? ఆ మాట వినిపిస్తుందా?"

"ఎందుకు వినవడది? నా చేతులతోని చేసిన కాపీ. మా సూపర్‌వైజర్ సారు ఒక వారం ఇచ్చిండు. నేనొకటి జేసుకున్న. నా దాంట్లకెల్లి ఇంకొకడు, వాని దాంట్లకెల్లి ఇంకొకడు. ఇగ లెక్కనే లేదు."

"ఆ సారు విశ్వేశ్వరరావు గారా అండీ? నేను ఆయన కూతుర్ని."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"సారు ఉన్నడా?" ఆ గొంతు పలచబడింది. "నేను యాదయ్యను బిడ్డా, లేత్ మిషన్ యాదయ్యను. సారు వైజాగ్ ట్రాన్స్‌ఫర్ మీద పోయినంక మల్ల కలవనే లేదు. ఆగు, ఆగు. నువ్వేనా గా పాపవు? స్వాతి పాపవు?"

"కాదండీ. చెల్లెల్ని."

"మరి అక్క ఏడుందమ్మా?"

"సాయంత్రం వస్తున్నామండీ," అని పెట్టేసింది.

నాలుగున్నరకి క్యాబ్ బయల్దేరింది. స్వాతి మాట ఇంకో క్యాసెట్‌లో ఉందని ఉమాశ్రీ తలుపు దగ్గర చెప్పాక రాజరాజేశ్వరి బయటికొచ్చి నీలంరంగు నేతచీర కట్టుకుంది. వెనకసీట్లో ఆమెకీ, భర్తకీ మధ్య ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. మియాపూర్ మెట్రో స్తంభాలు కనబడ్డాయి.

"నేను లోపలికి రాను," అన్నాడు విశ్వేశ్వరరావు హఠాత్తుగా.

"ఎందుకని?"

"ఒట్టు వల్ల దాచలేదు రాజీ. ఒట్టు ఎప్పుడో తీసి గట్టున పెడుదును. అది అడిగిన తర్వాత ఇంకో మాటుంది అందులో. నా మాట." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "రికార్డింగు పాడైపోయిందని నాకు ఒళ్లు మండింది. 'నోర్ముయ్' అని అరిచాను. ఏడుపు మొదలవుతుండగా బటన్ నొక్కాను. ఇరవై రెండు నిమిషాలు బొమ్మలా కూర్చున్న పిల్లని, ఒక్క మాటకి. వారం వారం నేను వినేది దాని గొంతు ఒక్కటే కాదు. అది నీకు ఎలా వినిపించను?"

క్యాబ్ ఆగాక రాజరాజేశ్వరి అటు తిరిగి వచ్చి, ఆయన వైపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

బస్ డిపో దగ్గర టిఫిన్ సెంటర్ పైన ఉన్న హాలు అది. అరవై మందిదాకా ఉన్నారు. తలలు నెరిసిన ఫ్యాక్టరీ మనుషులు, వాళ్ల పిల్లలు, ఆదివారం షిఫ్టు నుంచి నేరుగా, మెడలో ఆఫీసు కార్డులు తియ్యకుండానే వచ్చిన కుర్రాళ్లు. ముందు బల్ల మీద పాత టేప్‌రికార్డర్‌కు ఎవరో బంతిపూల దండ కూడా వేశారు.

యాదయ్య పరుగులాంటి నడకతో ఎదురొచ్చి విశ్వేశ్వరరావు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన భార్య మల్లమ్మ వెనకే వచ్చింది.

"మీరేనా సారు? మీ క్యాసెట్ నా సవితి లెక్క అయింది. పెండ్లాం బీమారైతె దవాఖానకు తోల్కపోనీకి సోయుండదు. గా డబ్బకు మాత్రం తలకాయ తుడుసుడు, దుమ్ము దులుపుడు!"

"ఊకోయే, సారు ముంగట," అన్నాడు యాదయ్య. ఆయన కళ్లు మెట్లవైపు వెతుకుతున్నాయి. "స్వాతి పాప రాలేదా సారు? ఇప్పుడు నలభై దాటుంటయి గద. ఇక్కడ అందరు అడుగుతుంటరు, గా పాప ఎట్లుందో, పిల్లలెందరో అని."

విశ్వేశ్వరరావు పెదవులు కదిలాయి. "లేదు యాదయ్యా. వైజాగ్ వెళ్లిన మరుసటేడే పోయింది. ఐదేళ్లు."

చుట్టూ మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాదయ్య బల్ల దగ్గరికి వెళ్లి, టేప్‌రికార్డర్ వైరు పీకబోయాడు.

"ఇయ్యాల వద్దు సారు. మాకు ఎరక లేకపాయె. తప్పయింది. ఇగ పెట్టం."

"పెట్టండి."

రాజరాజేశ్వరి అంది. "పెట్టండి అన్నయ్యగారూ. నేను దానికోసమే వచ్చాను."

యాదయ్య బటన్ నొక్కాడు.

దయ్యప్పాటలు మొదలయ్యాయి. ఆమె ముందు వరుసలో, కుర్చీ అంచున కూర్చుంది. పాటల వెనక ఎక్కడో కాకి అరిచింది. ఆ కాకి ఆమెకు తెలుసు. బాలానగర్ ఇంటి పెరట్లో రేకు మీద వాలేది. సైకిల్ బెల్లు మోగింది. అది పాలబ్బాయి బెల్లు. మూసిన కిటికీల గది, ఆగిన ఫ్యాను, ఆ ఉక్క ఆమె చుట్టూ లేచి నిలబడ్డాయి. ఒక పాట మధ్యలో చిన్న ఊపిరి వినిపించినట్టయింది. నోరెత్తకుండా కూర్చున్న పిల్ల ఊపిరి.

ఐదో పాట తగ్గుతుండగా హాల్లో కుర్చీలు కదిలాయి. ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. ముసలివాళ్లు, కుర్రాళ్లు, అందరూ. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. విశ్వేశ్వరరావు మాత్రం కుర్చీలోనే ముడుచుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడబోతుందని తెలిసిన మనిషిలా.

పాట ఆగింది. రిబ్బన్ సన్నగా హుష్షుమంటోంది.

"నాన్నా, ఇంకోచారి పెట్టవా?"

రాజరాజేశ్వరి రెండు చేతులూ గాలిలోకి లేచాయి, పడిపోతున్న పిల్లను అందుకుంటున్నట్టు. ఆ మాట గాలిలో ఉండగానే అరవై గొంతులు ఒక్కసారిగా పలికాయి.

"పెడ్తం బిడ్డా!"

హాలు మారుమోగింది. విశ్వేశ్వరరావు కళ్లు తెరిచాడు. ఆ తర్వాత రావలసిన అరుపు రాలేదు. వచ్చే ఉంటుంది. ఎవరికీ వినబడలేదు. ఆయనకు కూడా.

"మొదట్ల విన్నం సారు," అన్నాడు యాదయ్య మెల్లగా. "మీకు కోపమొచ్చిన మాట విన్నం. పాప ఏడుపు ఎత్తుకున్నట్టుంటది గద, పాణం మంచిగనిపియ్యలే. ఒకనాడు మల్లమ్మనే అన్నది, గంత మంచిగ అడిగితె జవాబియ్యరాదా అని. గప్పటిసంది మేమే చెప్తున్నం. ముప్పై ఏండ్లాయె. గా కోపం మాట ఇక్కడున్న పోరగాండ్లు ఒక్కడు కూడ ఇనలే."

విశ్వేశ్వరరావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆదివారం పొద్దున మొహం కడుక్కోవడానికి వెళ్లి పంపు తిప్పి దాచుకున్న ఏడుపంతా అందరి ముందూ బయటికొచ్చింది.

రాజరాజేశ్వరి ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె బుగ్గలు తడిసిపోయాయి. కానీ పెదవుల మీద ఏదో వెలుగుంది.

"చ... చారి అంటుందండీ," అంది. "సారి అనడం రాదు దానికి. మర్చేపోయాను, దానికి స రాదు." ఆయన భుజం పట్టి కుదిపింది. "లేవండి. ఇంకోసారి పెట్టండి. మీరే పెట్టండి."

ఆయన లేచాడు. బల్ల దాకా నడవడానికి భార్య చెయ్యి కావలసి వచ్చింది. వేలు అలవాటైన బటన్‌ను చూడకుండానే పట్టుకుంది. కొంచెం వెనక్కి. ఈసారి యాదయ్య చెయ్యెత్తాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఈ జవాబు ఎవరిదో అందరికీ తెలుసు.

"నాన్నా, ఇంకోచారి పెట్టవా?"

"పెడతానమ్మా," అన్నాడు విశ్వేశ్వరరావు. "నీకెన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు."

ముప్పై ఏళ్ల వయసులోని ఆయన కోపం, డెబ్భై ఏళ్ల ఆయన గొంతు కింద ఎక్కడో అణగిపోయింది. బటన్ మీద ఉన్న ఆయన చేతి మీద రాజరాజేశ్వరి తన చెయ్యి వేసింది. వెనక మల్లమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎవరో ముక్కు చీదుకున్నారు. కింద టిఫిన్ సెంటర్‌లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

గోడవారగా నిలబడ్డ ఉమాశ్రీ ఫోన్‌లో రికార్డింగు నడుస్తూనే ఉంది. ఆ రోజు ఆమె దాన్ని మూడు చోట్ల భద్రం చేసింది. అందులోంచి గిన్నెల చప్పుడు కూడా తీసేయలేదు.